పొట్టు బరువు

పొట్టు తేలిక, గింజ బరువు. ఈ ముక్క తెలుసుకోవడానికి ఎవరూ కాలేజీ మెట్లెక్కనక్కర్లేదు. చేట పట్టిన ప్రతి ఆడమనిషికీ తెలుసు, ఆ చేట ముందు వాలే పిచ్చుకకూ తెలుసు. తెలియనిదల్లా గుల్లలపేట పరిశోధన కేంద్రంలో ఉన్న నలభై ఇద్దరు శాస్త్రవేత్తలకే. ఆ నలభై ఇద్దరిలో సనపల యశోద ఒకతె.

ఆ గురువారం పొద్దున యశోద బల్ల మీద విచారణ నివేదిక పెట్టి వెళ్లారు. పదకొండు పేజీలు. చివరి పేజీలో ఆమె సంతకం కోసం చుక్కల గీత. తొమ్మిదో పేజీ దాకా బాగానే చదివింది. అక్కడ ఒక వాక్యం దగ్గర కళ్లు నిలబడిపోయాయి.

"యార్డు కూలీల నిరక్షరాస్యత, ముఖ్యముగా చింతాడ గవరమ్మ అను కూలీ యొక్క అవగాహనా లోపము వలన పీపాలు తారుమారైనవి."

"అవగాహనా లోపమా!" అని పైకే అనేసింది. పక్క గదిలోంచి ఎవరో తొంగి చూసి వెళ్లిపోయారు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఇంత కేంద్రం, ఇన్ని డిగ్రీలు, ఇన్ని కంప్యూటర్లు ఉండగా తప్పంతా పోయి పోయి యాభై తొమ్మిదేళ్ల గవరమ్మ నెత్తిన పడిందా? యశోదకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో కొంత తన మీద తనకే. ఎందుకో చెప్పాలంటే ఏడాదిన్నర వెనక్కి వెళ్లాలి.

కేంద్రంలో ఉన్న యంత్రానికి కాగితాల మీద బారెడు పేరుంది. అందరూ పిలిచేది మాత్రం చేట అనే. లారీ అంత పొడవున్న ఉక్కు గొట్టం అది. చుట్టూ మనిషెత్తు అయస్కాంతపు చుట్టలు. థర్మల్ ప్లాంటు వాళ్లు కొండల్లా పోసిన బూడిదను ఒక చివర నుంచి అందులోకి ఊదుతారు. లోపలి వేడికి బూడిద బూడిదగా ఉండదు, పొగగానూ ఉండదు. అణువులు ముక్కలై, ఆ ముక్కలు తమ ఎలక్ట్రాన్లను విదిలించుకుని, ఊదారంగు మంటగా మారతాయి. ప్లాస్మా అంటారు దాన్ని. గొట్టం నడిమి కడ్డీ నుంచి గోడ దాకా వేల వోల్టుల కరెంటు ఒత్తిడి పెడతారు. మంట గోడ వైపు పోదామంటుంది, అయస్కాంతం పోనివ్వదు. ఎటూ పోలేక గానుగెద్దులా చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. సెకనుకు వేల చుట్లు. అంత జోరుగా తిరిగేసరికి బరువైన మూలకాలు అంచుకు విసిరేసినట్టు పోయి బయటి పీపాలో పడతాయి. తేలికైనవి నడిమినే ఉండి, అవతలి చివర నుంచి లోపలి పీపాలోకి జారతాయి.

మొదటిసారి ఆ మంట తిరగడం స్ఫటికపు కిటికీలోంచి చూసిన రోజు యశోద ఏడ్చేసింది. పన్నెండేళ్ల కష్టం అది. ఆరేసిన బట్టల మీద, అన్నం పళ్లాల మీద బూడిద పడే ఊళ్లో పుట్టింది ఆమె. ఆ బూడిదలోంచి సీసాన్నీ, ఆర్సెనిక్‌నీ, థోరియాన్నీ, యురేనియాన్నీ ఏరి గిడ్డంగిలో సీలు వేసి, మిగిలిన మంచి మట్టితో జనానికి ఇటుకలు కట్టించాలని ఆమె ఆశ. ఆశలో తప్పేమీ లేదు.

తప్పు జరిగింది ప్రారంభోత్సవం నాడు.

ఆ రోజు యార్డులో పనిచేసే ఆడవాళ్లకు యంత్రం గురించి నాలుగు మాటలు చెప్పమని డైరెక్టర్ శేషగిరి గారు యశోదను పంపారు. పీపాలు దొర్లించేదీ, ఇటుకల బట్టీకి తోలేదీ వాళ్లే కదా. వాళ్ల పెద్ద గవరమ్మ. పలాస జీడిపప్పు బట్టీల్లో ముప్పై ఏళ్లు చేట పట్టిన చెయ్యి ఆమెది.

"అయితే పాపా, ఇది సేటలో సెరిగినట్టేనా?" అంది గవరమ్మ, అంతా విని.

"అచ్చం అంతే పిన్నీ."

"అలాగైతే బయటికెగిరింది పొట్టు, లోన ఉండిపోయింది గింజ."

పక్కనే రంగు డబ్బా, కుంచె పట్టుకుని పెయింటరు నిలబడి ఉన్నాడు, పీపాల మీద ఏం రాయాలో చెప్పండంటూ. శేషగిరి గారు అప్పుడే అటు వచ్చారు. "పొట్టు, గింజ! అబ్బ, భలే ఉందండీ! తెలుగుదనం ఉట్టిపడుతోంది. అవే రాసెయ్యవయ్యా," అన్నారు.

గవరమ్మ మాత్రం నొసలు ముడిచి అలాగే నిలబడింది. "ఉండు పాపా. బరువైందే బయటికెల్తదని నువ్వే అన్నావు కాదేటి? బరువైంది గింజ కదా? మా సేటలో పొట్టెగిరిపోద్ది, గింజ నిలబడద్ది. నీ సేటలో తిరగబడ్డట్టుంది. మరి దేన్ని పొట్టనాల?"

సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అదే. ఆ కేంద్రంలో ఆ ప్రశ్న అడిగిన మనిషి గవరమ్మ ఒక్కతే. కానీ ముఖ్య అతిథి కారు గేటు దగ్గర హారను కొట్టింది. శేషగిరి గారు, "ఆవిడకు అర్థమైంది లెండి, చాలు. రండి, రండి మేడం," అని తొందర పెట్టారు. యశోద కొత్త పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, నవ్వుతూ తలూపింది. "నువ్వన్నట్టే పిన్నీ, నువ్వన్నట్టే," అని వెళ్లిపోయింది.

పెయింటరు బయటి పీపా మీద పొట్టు అనీ, లోపలి పీపా మీద గింజ అనీ తాటికాయంత అక్షరాలతో రాశాడు. మర్నాడు పేపర్లలో ఆ ఫొటోలే.

రెండు వారాలకు ఆఫీసు నుంచి డైరెక్టర్ సంతకంతో ఉత్తర్వు వచ్చింది. "గింజను గిడ్డంగిలో భద్రపరచవలెను. పొట్టును ఇటుకల పనికి వాడవలెను." ఆయన బుర్రలో గింజంటే బరువైన లోహాలు, పొట్టంటే పనికిరాని మట్టి. యార్డులో పొట్టంటే పొట్టు అని రాసి ఉన్న బయటి పీపా, బరువైన లోహాలన్నీ పడేది. ఆయన యార్డుకు వచ్చి చూసిందీ లేదు, వాళ్లు ఆఫీసు మెట్లెక్కిందీ లేదు. మిషను మూతి దగ్గర రోజూ నమూనాలు తీసి లెక్కలు కట్టే యశోద కూడా పీపా మూత ఎత్తి చూడలేదు. గిడ్డంగి ఆరు నెలల్లో నిండిపోతే "గింజ దిగుబడి అనుకున్నదానికి పదింతలు!" అని శేషగిరి గారు సభలో ఊకదంపుడు ఉపన్యాసం ఒకటి ఇచ్చారు. గంట సేపు దంచారు, అందరం చప్పట్లు కొట్టాం అని తలుచుకుంటే యశోదకు ఇప్పుడు అరచేతులు మండుతున్నాయి.

పొట్టు తక్కువే వచ్చింది. దానితో అయిన ఇటుకలు ఒక్క చిన్న బిల్డింగుకు సరిపోయాయి. గుల్లలపేట అంగన్‌వాడీ కట్టారు.

మొన్న ఫిబ్రవరిలో సైన్సు దినోత్సవమని యశోద ఆ అంగన్‌వాడీకి వెళ్లింది. పిల్లలకు సరదాగా ఉంటుందని రేడియేషన్ కొలిచే డబ్బా ఒకటి తీసుకెళ్లింది. పెట్రోమాక్స్ లైటుకు కట్టే పాతకాలపు మాంటిల్‌లో రవ్వంత థోరియం ఉంటుంది. దాన్ని దగ్గర పెడితే డబ్బా టిక్కుటిక్కుమంటుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, అదీ ఆమె అనుకున్నది. మాంటిల్ ఇంకా సంచిలోనే ఉంది. డబ్బా స్విచ్చి వేసిందో లేదో, టిక్కుటిక్కుమని మొదలెట్టింది. గోడ వైపు జరిపితే పేలాలు వేగినట్టు వేగిపోయింది.

"గోడ మాటాడతంది!" అని గవరమ్మ మనవరాలు జోషిత ఎగిరి గంతేసింది. అప్పటిదాకా ఆ గోడకే వీపు ఆనించి కూర్చుని ఉంది ఆ పిల్ల. ఇరవై ఎనిమిది మంది పిల్లలు, తొమ్మిది నెలలు ఆ గోడలకు ఆనుకుని అన్నం తిన్నారు, నిద్రపోయారు.

యశోద ఆ క్షణమే పిల్లలందరినీ బయటికి తోలింది. పరుగున వెళ్లి డైరెక్టర్‌కు చెప్పింది. ఆయన ముఖం తెల్లబడింది, అది నిజం. కానీ గంటకల్లా సర్దుకున్నారు. విచారణ కమిటీ వేద్దాం, నివేదిక వచ్చేదాకా కంగారు పడొద్దు, రీడింగులు పరిమితికి లోబడే ఉన్నాయి అన్నారు. ఇప్పుడు మూసేస్తే మనమే తప్పు ఒప్పుకున్నట్టు అన్నారు. మర్నాడు అంగన్‌వాడీ మళ్లీ తెరిచారు. యశోద టీచరమ్మను బతిమాలి పిల్లలను వీలైనంత సేపు బయట ఆడించమంది. అంతే చేసింది. పది రోజులు. 

ఆ పది రోజుల ఫలితమే ఈ పదకొండు పేజీలు. గవరమ్మను పనిలోంచి తీసెయ్యాలి. బిల్డింగు సురక్షితం. రేపు ఢిల్లీ నుంచి వచ్చే ముగ్గురు సభ్యుల బృందం ఈ నివేదిక చూసి రెండో యంత్రానికి అనుమతిస్తుంది. యశోద సంతకం పెడితే పిల్లలు ఆ గోడల మధ్యే ఉంటారు. పెట్టకపోతే చేట ఆగిపోతుంది.

నివేదిక పట్టుకుని తిన్నగా డైరెక్టర్ గదికి వెళ్లింది.

"కూర్చోండి యశోద గారూ," అన్నారు శేషగిరి గారు. "మీ బాధ నాకు తెలుసు. ఒక్క మాట పొరపాటుకు మీ పన్నెండేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరు కావాలా చెప్పండి?"

"పొరపాటు మాటది కాదు సార్. మనది. ఆవిడ ఆ రోజే అడిగింది, దేన్ని పొట్టనాలీ అని. మీరూ నేనూ అక్కడే ఉన్నాం."

"ఏదో అమాయకంగా అన్న మాట. రికార్డులో ఉందా?"

"నిరుడు మీరు వోల్టేజి రెట్టింపు చేద్దామన్నారు, గుర్తుందా? ఈ మంట ఒక వేగం దాటి తిరగదు సార్, ఆపైన ఎంత తోసినా వేగం పెరగదు, ఆ తోసిందంతా గోడను కొరికేస్తుంది అని నేను చెప్పాను. మిషను గోడ అరుగుతుందనేసరికి మూడు మీటింగులు పెట్టారు. ఆ గోడకు తొడగడానికి విదేశాల నుంచి రేకు తెప్పించారు. అంగన్‌వాడీ గోడ గురించి ఒక్క మీటింగైనా పెట్టారా?"

"మీరు ఆవేశపడుతున్నారు. ఆవిడకు వేరే పని ఎక్కడైనా చూపిద్దాం లెండి. అన్యాయం చెయ్యం."

యశోద లేచి వచ్చేసింది. అనాల్సినవి చాలా ఉన్నాయి, కానీ నోరు తెరిస్తే బూతులే వచ్చేలా ఉన్నాయి.

మధ్యాహ్నం గవరమ్మ ఇంటికి వెళ్లింది. గవరమ్మ అరుగు మీద కూర్చుని మినపప్పు చెరుగుతోంది. యశోదను చూసినా చేట ఆపలేదు. పొట్టు లేచి అరుగు కిందికి పడుతోంది, పప్పు చేట అడుగున గలగలమంటోంది.

"నన్ను తీసేత్తారంట కదా," అంది.

"ఎవరు చెప్పారు పిన్నీ?"

"ఎవులు సెప్తే ఏటి. నాకు సదువు రాదంట, అందుకని పిల్లలకి ఇసం పెట్టేసినానంట. సదువు రాదు, నిజవే. సేతులు లేవా నాకు? పొట్టు పీపా దొర్లించిన మొదటి రోజే సెప్పినాను. ఓలమ్మ, పొట్టింత బరువుంటదేటి, నా జన్మలో సూడలేదు అని. యార్డు గుమస్తా పుస్తకంలో రాసుకున్నాడు. ఏలిముద్దర కూడా ఏయించుకున్నాడు. ఒక్కపాలి కాదు, మూడుపాల్లు."

"పుస్తకంలోనా?"

"నేదంటే నాను అబద్దాలాడతన్నానా? ఎల్లి సూసుకో." అప్పుడు ఆపింది చేట. "నాను పనికోసం ఏడవట్లేదు పాపా. నా మనవరాలు రోజూ ఆ గోడకానుకునే కూకుంటాది. ఆ గుంటకి ఏటైనా అయితే ఏ పుస్తకంలో రాస్తారు?"

యశోద యార్డు గదికి పరుగెత్తింది. కూలీలు చెప్పినవి గుమస్తా రాసుకునే పుస్తకం బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉంది. వెతికితే దొరికాయి, మూడూ. "పొట్టు బరువుగా ఉన్నది అని గవరమ్మ చెప్పినది. చూడడమైనది. పరవాలేదు." కింద వేలిముద్ర, పక్కన ఆ వారం డ్యూటీ ఆఫీసరు పొట్టి సంతకం. రెండోదీ అంతే. మూడోదాని పక్కన ఉన్న సంతకం మీద యశోద వేలు ఆగింది.

అది తనదే. 'య' కింద రెండు గీతలు. వారాంతం సంతకాల్లో, చదవకుండా, ఒక పేజీ తిప్పి ఇంకో పేజీకి పోతూ పెట్టిన గీతలు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. తన పిడికెడు తన చేతిలోనే ఉంది. నేలకేసి కొట్టడానికి లేదు, ఇంకొకరి చేతిలో పొయ్యడానికీ లేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని మళ్లీ గవరమ్మ ఇంటికి వెళ్లి, రేపు పదకొండింటికి మీటింగు హాలుకు రమ్మని చెప్పింది.

"నన్ను గేటు దాటనిత్తారా?"

"నాతో రా. ఎవడు ఆపుతాడో చూద్దాం."

మర్నాడు హాల్లో ముగ్గురు ఢిల్లీ సభ్యులు, శేషగిరి గారు, విచారణ కమిటీ వాళ్లు ఉన్నారు. సభ్యుల పెద్ద ఒక తెలుగు పెద్దమనిషి, పాణంగిపల్లి గారట. టీలు, జీడిపప్పు పళ్లాలు సర్దారు. యశోద గవరమ్మను వెంటబెట్టుకుని లోపలికి వచ్చేసరికి శేషగిరి గారు సగం లేచి, "ఆవిడెందుకండీ ఇక్కడ? మీరు సంతకం పెట్టలేదింకా," అన్నారు.

"పెడతాను సార్. ముందు ఆవిడ చెప్పేది వినండి. ఆవిడ గురించే కదా రాశారు."

గవరమ్మ చేతిలో సిమెంటు సంచి ఉంది. అందులోంచి రెండు ఇటుకలు తీసి బల్ల మీద, టీ కప్పుల మధ్య పెట్టింది. రెండూ ఒకే కొలత. ఒకటి పక్క ఊళ్లో దొరికే మామూలు బూడిద ఇటుక. రెండోది కాస్త ఎర్రగా ఉంది, అంగన్‌వాడీ కట్టగా మిగిలినది.

"బాబూ, నాకు అవగానా నేదని రాసినారంట," అంది శేషగిరి గారితో. "మీకు సదువుంది. కల్లు మూసుకోండి. సేతికి ఒకటీ ఇత్తాను. ఏది పొట్టో, ఏది గింజో సెప్పండి. మా జీడి బట్టీల్లో పదేల్ల గుంట సెప్పేత్తాది."

శేషగిరి గారి చేతులు బల్ల మీద ఉన్నాయి. మెల్లగా కిందికి దిగిపోయాయి.

"ఏవండీ, పట్టుకోండి. పొట్టే కదా. పరిమితిలోనే ఉందని రాసినారు కదా. మా గుంటలు తొమ్మిది నెలలు వీపానించి కూకున్నారు. తమరు ఒక్క నిమసం సేత్తో పట్టుకోలేరా?"

ఆయన చేతులు చాచలేదు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు మాత్రం అయింది. ఆయనదే కాదు, కమిటీలో ఉన్న మిగతా నలుగురివీ జరిగాయి. పాణంగిపల్లి గారు ఒక్కరే కదలకుండా ఆ కుర్చీల వంక ఒక్కొక్కటిగా చూశారు. తర్వాత నివేదిక తీసి, బిల్డింగు సురక్షితం అన్న పేజీ దగ్గర వేలు పెట్టి ఉంచారు.

యశోద పుస్తకం తెరిచి మూడు రాతలూ చదివింది. మూడోది చదివాక, "ఈ సంతకం నాది," అంది.  తొమ్మిదో పేజీలో ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, కింద తన చేత్తో రాసింది: "గవరమ్మ మొదటి రోజే సరైన ప్రశ్న అడిగినది. జవాబు తెలిసి కూడా వినకుండా తల ఊపినది నేను. ఆమె మూడుసార్లు చెప్పినది. మేము మూడుసార్లు పరవాలేదన్నాము." దాని కిందే సంతకం పెట్టింది, ఈసారి పూర్తి పేరు.

"యశోద గారూ, చేట ఆగిపోతుంది, తెలుసా మీకు?" అన్నారు శేషగిరి గారు, ఏడుపు గొంతుతో.

"ఆగనీండి. పేర్లు సరిగ్గా రాసుకున్నాక తిప్పుకుందాం."

అంగన్‌వాడీని ఆ గంటలోనే ఖాళీ చెయ్యమని పాణంగిపల్లి గారు అక్కడినుంచే ఫోను చేశారు. పిల్లలందరికీ డాక్టరు పరీక్షలు, యంత్రం ఆపుదల, డైరెక్టర్ మీద వేరే విచారణ అని ఏవేవో చెబుతూ పోయారు. యశోద సగమే విన్నది. పరీక్షల్లో ఏం తేలుతుందో ఎవరికీ తెలియదు. తేలడానికి ఏళ్లు పట్టొచ్చు. ఆ సంగతి ఆ హాల్లో బాగా తెలిసింది తనకే.

బల్ల మీద ఎర్ర ఇటుక అలాగే ఉంది. దాన్ని గిడ్డంగికి చేర్చాలి. తీసుకెళ్లమంటే బంట్రోతులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. యశోద చేతి తొడుగులు వేసుకుని రెండు చేతులతో ఎత్తింది. ఇంత చిన్న ఇటుక ఇంత బరువుంటుందని లెక్కల్లో ఆమెకు ఎప్పుడో తెలుసు. చేతికి తెలియడం ఇదే మొదలు.

గవరమ్మ పక్కనే నడిచింది. యార్డు దాటుతుంటే పొట్టు అని రాసిన పీపాలు వరసగా కనిపించాయి.

"బరువుందా పాపా?"

"ఉంది పిన్నీ."

"మరి ఆ రోజు నానడిగితే తలెందుకూపినావు?"

యశోద ఇటుక జారకుండా పట్టుకుని నడిచింది.